కటకటాల కింద రెండు ఎరుపులు



ఈసారి మా ఇంటి ముందరి కమ్మీల గురించి రాస్తున్నాం. ఇంటి కటకటాలకు రంగు వేసుకుంటే అది సంఘానికి చెప్పాల్సిన సంగతా అని కొందరు నవ్వొచ్చు. కానీ బళ్ళారిలో పాత ఇళ్ళున్న మనవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. జగలి ముందర, మిద్దె అంచున, మెట్ల పక్కన తాతల నాటి ఇనుప కమ్మీలు ఇంకా నిలబడే ఉన్నాయి. ప్రతి ఉగాదికో, ఇంట్లో పెళ్ళికో వాటిని గీకి రంగు వేయిస్తుంటాం. మేమూ అదే చేయబోయాం. చేయబోయి ఒక పొరపాటు చేశాం. ఆ పొరపాటు వెనక వందేళ్ళ చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

మా ముత్తాత పత్తి వ్యాపారం చేసినవాడు. ఇల్లు ఆయన కట్టించిందే. జగలి పొడుగునా నడుము ఎత్తు కమ్మీలు, నడుమ చిన్న గేటు, గేటు మీద ఇనుప పట్టీ వంచి చేసిన 'శ్రీరామ' అనే తెలుగు అక్షరాలు. కమ్మీ కమ్మీకీ వెల్డింగు లేదు. రంధ్రం చేసి రివిట్ కొట్టారు, లేదంటే వేడి పట్టీని చుట్టూ కట్టులాగా బిగించారు. కింద కొసలు బండరాతి గుంటల్లో దిగి ఉన్నాయి, చుట్టూ సీసం కరిగించి పోశారు. మనకు తెలిసిన ఒక కమ్మరి వచ్చి, ఒక మూల ఆకురాయితో రాసి చూసి, "ఇది ఇప్పటి ఇనుము కాదు సార్, దీంట్లో నార ఉంది" అన్నాడు. నిజంగానే, తుప్పు పట్టిన చోట అది చెక్క చీలినట్టు పొరలు పొరలుగా లేచింది.

స్కూల్లో చదువుకున్న మాట గుర్తుందా? దుక్క ఇనుము, పోత ఇనుము, చేత ఇనుము. పోత ఇనుము అచ్చులో పోసేది. నగిషీలు బాగా వస్తాయి కానీ దెబ్బ పడితే విరుగుతుంది. చేత ఇనుము మెత్తన, ఎర్రగా కాల్చి దాగలి మీద ఎటు కావాలంటే అటు వంచొచ్చు. బొగ్గు కొలిమిలో దాన్ని పెద్ద ఎత్తున తీసే పద్ధతికి ఇంగ్లండులో హెన్రీ కార్ట్ 1784లో పేటెంటు తీసుకున్నాడు. 1856లో బెస్సెమర్ ఉక్కు పద్ధతి వచ్చాక దాని రోజులు మెల్లగా తగ్గిపోయాయి. 1889లో లేచిన ఈఫిల్ టవర్ కూడా చేత ఇనుమే. అంటే మా జగలి కమ్మీలకు ప్యారిస్‌లో ఒక పెద్ద చుట్టం ఉన్నట్టు. ఇప్పుడు మార్కెట్లో 'రాట్ ఐరన్' పేరుతో అమ్మేది దాదాపు అంతా మైల్డ్ స్టీలే, పేరు మాత్రమే పాతది.

ఇనుము కొండలు పక్కనే పెట్టుకుని మా ముత్తాత ఇనుము ఎక్కడినుంచి తెచ్చుకున్నాడు? సీమ ఇనుమే అయ్యుంటుంది. మన ప్రాంతంలో ఒకప్పుడు చిన్న బట్టీల్లో కట్టెబొగ్గుతో ఇనుము తీసేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో ఓడల మీద చౌక ఇనుము దిగాక, అడవుల్లో బొగ్గు కొట్టనివ్వడం తగ్గాక, ఆ బట్టీలు ఆరిపోయాయి. మద్రాసు రైల్వే 1871 నాటికి రాయచూరు దాకా వచ్చింది, గుంతకల్లు నుంచి బళ్ళారికి పాయ వేశారు. ఆ తర్వాత మద్రాసు రేవులో దిగిన కమ్మీ బళ్ళారి కొలిమికి చేరడం పెద్ద పని కాలేదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1890ల్లో బళ్ళారి జిల్లా భూగర్భం మీద పుస్తకం రాసి సండూరు కొండల్లోని ఖనిజం సంగతి లోకానికి చెప్పిన రోజుల్లో, ఆ కొండలకు కొంచెం దూరంలో ఉన్న ఊరు సముద్రం అవతలి ఇనుముతో ఇళ్ళు కట్టుకుంటోంది. తలుచుకుంటే చిత్రంగానే ఉంటుంది.

అదలా ఉంచి అసలు కథకు వద్దాం.

పని మొదలుపెట్టిన రోజు రంగుల పనికి వచ్చిన అబ్బాయి వైరు బ్రష్షు, పుట్టీ బ్లేడు, ఉప్పు కాగితం తీసుకుని పొద్దున్నే కూర్చున్నాడు. సాయంత్రానికి సగం కమ్మీలు గీకేశాడు. జగలంతా పొడి. మా మనవరాలు, మూడేళ్ళది, ఆ పొడిలో వేలితో ముగ్గులు వేస్తోంది. మేం ముచ్చటగా ఫోటో కూడా తీశాం. ఆ ఫోటో చూసే మా అక్క కూతురు, నర్సు పని చేసే పిల్ల, ఫోన్ చేసింది. "మామా, ఆ కింది పొర నారింజ రంగులో ఉందేంటి? ముందు పాపను ఎత్తుకో, చేతులు కడుగు" అంది.

లోపలినుంచి మా అత్త వచ్చి ఆ పొడిని చూసింది. ఎనభై దాటిన మనిషి. "ఇది ఆంజనేయస్వామి రంగు కదా" అంది. ఒక్క మాటలో చెప్పేసింది. అది సిందూరం. సీసాన్ని గాలిలో కాల్చితే వచ్చే నారింజ ఎరుపు పొడి. దాన్ని నూనెలో కలిపి గుళ్ళో విగ్రహాలకు పూసేవాళ్ళు. అదే పొడిని అవిసె నూనెలో కలిపి ప్రపంచమంతా ఇనుముకు మొదటి పూతగా పూసింది. వంతెనలకూ, ఓడలకూ, రైలు స్టేషన్ల కప్పులకూ అదే. మన కమ్మీలకూ అదే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ కాలపు పనివాళ్ళు తెలివితక్కువతో అది పూయలేదు. ఇనుమును కాపాడడంలో సిందూరానికి అప్పట్లో సాటి లేదు. అవిసె నూనెతో కలిసి అది సబ్బులాంటి పదార్థం అవుతుంది, అది ఇనుమును తుప్పు పట్టకుండా ఆపుతుంది. మా కమ్మీల అడుగున ఆ పొర ఉన్నచోట వందేళ్ళ తర్వాత కూడా ఇనుము నల్లగా మెరుస్తోంది. బళ్ళారి వాన ఏడాదికి అర మీటరు అటూ ఇటూ కాబట్టి అదీ కలిసొచ్చింది అనుకోండి, కాకినాడలోనో విశాఖలోనో అయితే ఉప్పుగాలికి ఈ పాటికి సగం రాలిపోయేది. రంగు మంచిదే, కానీ దాన్ని గీకి పొడి చేస్తే మనిషికి విషం. సీసం లోపలికి పోతే పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది, ఎంత తక్కువైనా సరే ఫరవాలేదు అని డాక్టర్లు చెప్పే హద్దు లేదు. ఈ సంగతి రంగుల కంపెనీలకూ ప్రభుత్వాలకూ కొత్తగా తెలిసింది కాదు. 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళ లోపలి రంగుల్లో తెల్ల సీసం వాడకం మీద ఒక ఒడంబడిక చేసింది. అమెరికా ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించింది. మన దేశంలో నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు మించకూడదు. 1921 నుంచి 2017 దాకా ఎన్నేళ్ళో లెక్కపెట్టుకోండి.

అంటే సిందూరం పొర ఒక్కటే కాదు సమస్య. 2017కు ముందు మనం వేసిన పచ్చ, పసుపు, నారింజ ఎనామిళ్ళలో చాలావాటికి ఆ మెరుపు సీసపు క్రోమేటు వల్లే వచ్చేది. మా కమ్మీల మీద అవన్నీ ఉన్నాయి. పని ఆపేసిన తర్వాత, ఒక కమ్మీ మీద చిన్న చోట నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది చూశాం. చెట్టు కాండం కోస్తే వలయాలు కనబడినట్టు రంగులన్నీ వరసగా కనబడ్డాయి. ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కో రంగు ఎప్పటిదని అడిగాం.

అన్నిటికంటే అడుగున సిందూరం. దాని మీద నలుపు, రెండు పూతలు. ఆ రెండు నలుపుల నడుమ సన్నని తుప్పు గీత. అది చూసి మా అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "అది బళ్ళారి మనకు ఉంటుందో పోతుందో తెలియని రోజులది."

కొత్త తరం వాళ్ళ కోసం ఈ సంగతి కొంచెం వివరంగా చెప్తాం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్ళకు అప్పగించినప్పటి నుంచి బళ్ళారి మద్రాసు కిందే ఉంది. తెలుగూ కన్నడమూ ఒకే జగలి మీద కూర్చుని మాట్లాడుకున్న ఊరు ఇది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించింది ఇక్కడే. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ఇక్కడే. బళ్ళారి రాఘవ పేరులోనే ఊరుంది. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ ఆడాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు ఈ జిల్లాను ఎలా పంచాలన్నది పెద్ద తగాదా అయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా మీద జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపి మైసూరుకు చెందాలని చెప్పాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, అదే రోజు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది.

ఆ రెండు మూడేళ్ళూ మా తాత ఇంటికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదట. ఆదోనిలో ఉన్న తమ్ముడు ఇల్లు అమ్మేసి అక్కడికి వచ్చెయ్యమన్నాడు. ఇంటికి బేరం కూడా కుదరబోయింది. అమ్మే ఇంటికి రంగెందుకు అని కమ్మీలను అలాగే వదిలేశారు. చివరికి అవ్వ కదలనంది. బావి నీళ్ళూ పక్కింటి కన్నడ సంసారమూ వదిలి రానంది. తర్వాత ఎప్పుడో రెండో నలుపు పడింది. తుప్పును సరిగ్గా గీకకుండానే దాని మీద వేసేశారు, అందుకే ఆ గీత ఇంకా అలాగే ఉంది. మేం పుట్టిన ఇల్లు మాకు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్నది ఆ గీతే.

దాని మీద ఆకుపచ్చ, మా నాన్న ఉద్యోగంలో చేరిన రోజులది. దాని మీద వెండి రంగు. అల్యూమినియం పెయింటు మోజు మన ఊళ్ళో ప్రతి గేటుకూ పట్టింది ఒకప్పుడు, బీరువాలకు, నీళ్ళ ట్యాంకులకు కూడా. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, చూడ్డానికి బాగుండేది కాదు.

వెండి మీద ఒక ఎర్రటి దుమ్ము పొర. రంగు కాదది. 2000 తర్వాత చైనాకు ఖనిజం ఎగుమతి ఊపందుకున్నప్పుడు బళ్ళారి, హొసపేట, సండూరు రోడ్ల మీద రాత్రింబవళ్ళు లారీలు నడిచిన సంగతి మనందరికీ తెలుసు. చెట్ల ఆకులు ఎర్రబడ్డాయి, ఆరేసిన బట్టలు ఎర్రబడ్డాయి. ఏ రంగు వేసినా ఆరు నెలలకు సండూరు రంగే అవుతుందని మా ఇంట్లో రంగు వేయించడమే మానేశాం. లోకాయుక్త నివేదికలు వచ్చి, 2011 జూలై 29న సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపమన్నాక ఊరు కొంత తేరుకుంది. ఆ మరుసటి ఏడు మేం గోధుమ రంగు ఎనామిల్ వేయించాం. దుమ్ము తుడవకుండా వేసినట్టున్నారు, అందుకే అది పెచ్చులుగా లేస్తోంది. ఈ గొడవంతా మొదలైంది ఆ పెచ్చుల వల్లే.

ఇప్పుడు రెండో ఎరుపు సంగతి. సిందూరం పోయాక దాని చోటులోకి వచ్చింది మనందరికీ తెలిసిన రెడ్ ఆక్సైడు. దాని ఎరుపు ఇనుప ఆక్సైడుది. అంటే సండూరు కొండల్లో ఉన్న హెమటైటు రాయి ఏ పదార్థమో, డబ్బాలోని ఎరుపూ అదే. మన అవ్వలు గోడ అంచులకు, గడపలకు పూసిన జాజూ అదే జాతిది. హిరేబెణకల్ గుట్టల మీద రాతి సమాధుల దగ్గర వేల ఏళ్ళ కిందటి మనుషులు గీసిన బొమ్మల ఎరుపూ అదే. మన ఇనుమును కాపాడే రంగు మన కొండ రంగే అని మేం కొంచెం సంబరపడ్డాం కూడా.

కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. సిందూరంలాగా రెడ్ ఆక్సైడు ఇనుముతో కలబడి తుప్పును ఆపదు. అది అప్పటికే తుప్పు అయిపోయిన ఇనుము, ఇంక దేనితోనూ గొడవ పడదు. రంగులోని జిగురు పూతే గాలినీ నీటినీ అడ్డుకుంటుంది. అందుకే చవక రెడ్ ఆక్సైడు ఒక్క పూత వేసి పైన ఎనామిల్ లేకుండా వదిలేస్తే రెండు వానలకే తుప్పు తేలుతుంది. తుప్పును ఆపే పని సీసం లేకుండా చేసేది జింక్ ఫాస్ఫేటు ప్రైమరు. రంగుల దుకాణంలో పేరు చెప్పి అడగండి. అడగకపోతే ఎర్ర డబ్బానే చేతిలో పెడతారు. డబ్బా మీద సీసం 90 మించదని రాసి ఉందో లేదో చూడండి. ఆ నియమం ఇంటి రంగులకు, అలంకరణ రంగులకే. ఫ్యాక్టరీల కోసం తయారయ్యే రంగు గట్టిగా ఉంటుందని ఎవరైనా ఇస్తే ఇంటి కమ్మీలకు తీసుకోకండి.

మేం చివరికి ఎలా చేశామో చెప్తాం. మొత్తం గీకి తెల్ల ఇనుము తేలాలన్న పట్టుదల వదిలేశాం. గట్టిగా అంటుకుని ఉన్న పాత పొర ఎవరికీ హాని చేయదు, దాని మీద కొత్త పూత వేస్తే అది లోపలే ఉంటుంది. లేచిన పెచ్చులు, తుప్పు ఉన్నచోట మాత్రమే పట్టాం. కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్ళు చల్లుతూ, వాటర్ పేపర్‌తోనే రుద్దాం. పొడి ఉప్పు కాగితం లేదు, గ్రైండరు లేదు. కొందరు బ్లో ల్యాంపుతో కాల్చి ఊడదీస్తారు, అది ఇంకా ప్రమాదం, సీసం ఆవిరై నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ బురదను గుడ్డతో ఎత్తి సంచీలో మూటగట్టాం, చెట్ల మొదట్లో పారబోయలేదు. పని చేసిన బట్టలు వేరుగా ఉతికాం. పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ నాలుగు రోజులూ మా తమ్ముడింట్లో. రాతి గుంటల దగ్గర మాత్రం జాగ్రత్త. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అది ఉబ్బి బండనే చీల్చేస్తుంది. మా రెండు గుంటలు అలా చీలాయి. అక్కడ తుప్పు తీసి, ప్రైమరు వేసి, నీళ్ళు నిలవకుండా చుట్టూ వాలుగా గచ్చు చేయించాం.

మనవరాలి రక్తం పరీక్ష చేయించాం. సీసం ఐదు మైక్రోగ్రాముల లోపే వచ్చింది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. రంగుల పని అబ్బాయిని కూడా తీసుకెళ్ళాం. "నాకెందుకన్నా" అని మొదట రానన్నాడు. ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు, మాస్కు ఎప్పుడూ కట్టుకోలేదు, మధ్యాహ్నం అదే చేత్తో అన్నం తింటాడు. అతని లెక్క పద్దెనిమిది వచ్చింది. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలున్నారని అప్పుడు చెప్పాడు. పని బట్టలతోనే ఇంటికెళ్ళి వాళ్ళను ఎత్తుకుంటాడు. వాళ్ళ పరీక్ష వచ్చే వారం. ఆ రోజు పొడిగా గీకమని చెప్పింది మేమే. తొందరగా అవుతుందని అన్నాం. ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాం.

మన సంఘం వాళ్ళ ఇళ్ళల్లో రంగుల పనికి వచ్చేవాళ్ళు అటూ ఇటూ ఆ ఇరవై ముప్ఫై మందే. వాళ్ళందరికీ ఒక రోజు పరీక్ష చేయించే ఏర్పాటు సంఘం తరఫున చేయగలమా అని వచ్చే మీటింగులో అడగబోతున్నాం. ఖర్చు ఎంతవుతుందో కనుక్కుని వస్తాం.

పై పూతకు ఏ రంగు అన్నదాని మీద ఇంట్లో ఓటింగు జరిగింది. పిల్లలు తెలుపు అన్నారు, సండూరు దుమ్ము గుర్తుచేసి దాన్ని కొట్టేశాం. నలుపే వేశాం, మొదటి రంగు కాబట్టి. 'శ్రీరామ' అక్షరాల మీద మాత్రం పెద్దగా చేయి పెట్టలేదు. మెత్తగా కడిగి, ఆ రెండు నలుపుల నడుమ గీత కనబడే చోట రూపాయి బిళ్ళంత మేర రంగు లేకుండా వదిలి, వార్నిష్ పూశాం. అత్త రోజూ సాయంత్రం అక్కడే కూర్చుంటుంది.

జింక్ ఫాస్ఫేటు ప్రైమరు ఇంకా అర డబ్బా మిగిలింది, మూత బిగించి పెట్టాం. మీ ఇంట్లో పని ఉంటే వచ్చి తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా ఒకటి తెచ్చుకోండి, మా దగ్గర లేవు.